గంగబాబు మొహం

"మా ఆయన చచ్చిపోయేరని రుజువు చేసి పెట్టాలండి," అంది లక్ష్మీతులసి.

అసిస్టెంటు సాకేత్ చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అమలాపురం గడియారస్తంభం దగ్గర, బట్టల కొట్టు పైనున్న ఆ ఆఫీసుకు తప్పిపోయిన మొగుణ్ణి వెతికిపెట్టమని వచ్చిన ఆడవాళ్ళున్నారు, ఇంట్లో ఉన్న మొగుడి గుట్టు తేల్చమని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇలా అడిగినావిడ మాత్రం ఇంతవరకు లేదు. నుదుట ఇంత బొట్టు, మెడలో సూత్రాలు, చేతులనిండా గాజులు. మనిషి చూస్తే జ్వరమొచ్చినట్టు వణికిపోతోంది.

డిటెక్టివ్ గంగాభవాని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "మొదటినించీ చెప్పు తల్లీ. తొందరేం లేదు."

"తొందరేనండి. ఎల్లుండి సోమవారం మా అత్తగారు పోలీస్ స్టేషన్లో వేలిముద్ర వేసేస్తారు."

వాళ్ళది రాజోలు అవతల, గోదారి సముద్రంలో కలిసేచోట, చినమొగ అనే ఊరు. తులసి మొగుడు గంగబాబు బంగారరాజు గారి బోటు మీద వేటకు వెళ్ళేవాడు. తుఫానొస్తోందని రేడియోలో చెబుతూండగానే ఆ బోటు బయల్దేరింది. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు, గంగబాబు తప్ప. అల కొట్టిందన్నారు, చీకట్లో కనపడలేదన్నారు. శవం దొరకలేదు. వద్దన్నా పంపాడని, బోటులో ఒక్క లైఫ్ జాకెట్టయినా లేదని తల్లి చిట్టెమ్మ బంగారరాజు మీద కేసు పెట్టింది. కేసు కాస్త ఊపందుకున్నాక, ఒక సాయంత్రం చిట్టెమ్మ ఫోను మోగింది. వీడియో కాల్. తెరమీద గంగబాబు!

"బంగ్లాదేశ్ వాళ్ళ బోటు ఎక్కించుకుందంటండి. అక్కడ జైల్లో ఉన్నానంటుంది ఆ మొహం. గార్డు దొంగచాటుగా ఫోనిస్తున్నాడంట. నేను పోయేనని మన ఊళ్ళో కేసు నడిస్తే విడుదలయ్యేవాళ్ళలో నా పేరుండదు, కేసు తీసెయ్యమ్మా అంటుంది. నా కొడుకు బతికే ఉన్నాడని రాసిచ్చి వేలిముద్ర వేసేస్తే రాజుగారి మీద కేసే ఉండదండి."

"మీ ఆయన కాదని నీకెందుకనిపించింది?"

"నాతో మాట్లాడదండి. నేను ఫోనందుకోగానే గార్డొచ్చేడని పెట్టేస్తుంది. ఆయన ఏ రేవులో ఉన్నా ముందు నాకే ఫోన్ చేసేవారు." తులసి పైటకొంగు నోట్లో కుక్కుకుంది. "పేటంతా నా మొహాన ఉమ్మేస్తున్నారండి. మొగుడు బతికున్నాడంటే ఏడుస్తోందేటే ఇది, ఎవడితో పోదామనీ అంటున్నారు. మా అత్తయితే నాకు అన్నం పెట్టడం మానేసింది. నేను పెళ్ళాన్నో, ముండమోసినదాన్నో నాకైనా తెలియాలి కదండీ!"

సాకేత్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఎవడో గానీ, బతికున్న ఆడదాన్ని ఇటూ అటూ కాకుండా వేలాడదీశాడు.

నిన్నటి కాల్‌ను తులసి అత్తగారి వెనకనుంచి తన ఫోనులో వీడియో తీసి ఉంచింది. అది పెట్టింది. గోడకు చేరేసిన ఫోనులో గంగబాబు. పలచటి గడ్డం, కనుబొమ మీద గాటు. చుట్టూ చీకటి. "అమ్మా, తిన్నావా?" అని గుసగుసగా అడుగుతున్నాడు. చిట్టెమ్మ నవ్వుతూ ఏడుస్తోంది. ఇంతలో గిరగిరమంటున్న ఫ్యాను చప్పుడు ఆగింది. "దిక్కుమాలిన కరెంటు, మళ్ళీ పోయింది," అని చిట్టెమ్మ గొణిగింది. ఆ వెంటనే తెరమీద మొహం ఒక్క కుదుపుతో అదిరింది. మాట వస్తోంది, పెదాలు మూసి ఉన్నాయి. పెదాలు కదిలేసరికి మాట అయిపోయింది. కనుబొమ మీద గాటు చెంప మీదికి జారి మళ్ళీ పైకెళ్ళింది. "గార్డొచ్చేడమ్మా," అన్న మాటతో కాల్ తెగిపోయింది.

"సిగ్నల్ బాగాలేదు మేడం," అన్నాడు సాకేత్.

గంగాభవాని కళ్ళు మూసుకుని మళ్ళీ పెట్టించుకుని వింది. వేదం చెప్పే ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడ. అరుగు మీద శిష్యులు వేదపనసలు వల్లెవేస్తూంటే, వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఎవడి స్వరం ఎక్కడ వెనకబడిందో చెప్పేసేదట చిన్నప్పుడు.

"సిగ్నల్ పోతే మాటా తెగాలి, మొహమూ తెగాలి," అంది కళ్ళు తెరిచి. "మాట నిక్షేపంలా వస్తోంది. మొహం ఒక్కటే వెనకబడింది. అంటే మాట ఒకడిది, మొహం ఇంకొకడిది."

సాకేత్‌కు అప్పుడు వెలిగింది. "అవును మేడం! ఒకడు కెమెరా ముందు కూర్చుంటాడు. వాడి మొహం మీద కంప్యూటర్ ఇంకొకడి మొహం అతికించి పంపుతుంది, అప్పటికప్పుడు. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. వీడియోగేములు ఆడేవాళ్ళ దగ్గరా, పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళ దగ్గరా ఉంటుంది." కాస్త గొప్పగా, "నా లాప్‌టాప్‌లో కూడా ఉంది," అని కలిపాడు.

"నీ పెళ్ళి వీడియో ఎవరు తీశారమ్మా?"

"రాజోలు కృష్ణమూర్తి గారండి. ఆయన ఇచ్చిన పెన్‌డ్రైవ్ బీరువాలో ఉండేది. ఈమధ్య కనపడట్లేదు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ తులసితో కలిసి చినమొగ వెళ్ళారు. ఇసకలో పరిచిన వలల మీద చేపలు ఎండుతున్నాయి. చిట్టెమ్మ కోడల్ని చూడగానే మొహం తిప్పుకుంది గానీ, గంగాభవానిని చూసి ముక్కాలిపీట వేసింది. వెయ్యడమే కాదు, లోపలికెళ్ళి కవరు విప్పని కొత్త చొక్కా తెచ్చి చూపించింది.

"వచ్చేక తొడుక్కుంటాడని కొన్నానండి. జైల్లో చిక్కిపోయుంటాడు, వదులవుద్దేమో," అంది.

ఆ చొక్కా చూడలేక సాకేత్ వలల వైపు తిరిగాడు. గంగాభవాని మాత్రం తొణకలేదు. "మీవాడేనని మీకెలా తెలిసిందమ్మా? ఈరోజుల్లో మొహాలు మార్చేస్తున్నారు కదా."

"ఆయ్, నువ్వు ఆడివేనని గురుతేదైనా చెప్పమని నేనూ అడిగేనండి! అడక్కుండా నమ్మేస్తానేటి? చిన్నప్పుడు పులస పులుసు దాక బోర్లించి పిల్లి మీద పెట్టేరు ఇద్దరూ. పిల్లి కాదమ్మా, మేమే అని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడు. నాక్కూడా తెలీదు ఆ సంగతి!" అని పకపకా నవ్వింది. "మాట కూడా ఆడిదే. కాపోతే గార్డుంటాడు కదా, గుసగుసలాడతాడు."

"ఇద్దరూ అంటే?"

"ఆడూ, సిన్నోడూ."

చిన్నోడు సురేష్ ఐసు ఫ్యాక్టరీ మేడమీద గదిలో ఉన్నాడు. అన్న పోయిన రోజున ఆ బోటుకు సరంగు అతనే, అంటే బోటు నడిపింది అతనే. ఇప్పుడు వేట మానేసి బంగారరాజు గారి లెక్కలు చూస్తున్నాడు. బల్లమీద నల్లటి లాప్‌టాప్, దాని పక్కన ఇటుకంత చార్జరు.

"మంచిదే కొన్నారు," అన్నాడు సాకేత్ లాప్‌టాప్ మీది స్టిక్కరు చదువుతూ. తన దాంట్లో ఉన్న కార్డు నెంబరే.

"రాజుగారిచ్చేరండి, లెక్కలకి," అన్నాడు సురేష్. లెక్కలకు ఆ కార్డు దేనికో సాకేత్‌కు అర్థం కాలేదు.

"మీ అన్నయ్యతో మీరు మాట్లాడారా?" అంది గంగాభవాని.

"లేదండి. ఫోనొచ్చే టైముకి నేనిక్కడ పనిలో ఉంటాను. నాకా అదృష్టం లేదు." తల దించుకున్నాడు. "మీరు మొహాల సంగతి అడుగుతున్నారంట కదండీ. అది అన్నయ్యేనండి. కాదంటే మాత్రం, అన్నయ్య పెళ్ళి వీడియో అంతా కృష్ణమూర్తి దగ్గరే ఉంది. పెద్ద డెస్క్‌టాప్ కూడా ఆయన దగ్గరే. ఎస్సై గారికి కూడా చెప్పేను."

కిందికి దిగితే బంగారరాజు ఎదురయ్యాడు. తెల్లచొక్కా, నోట్లో కిళ్ళీ. "బతికున్నోడ్ని చంపాలని చూస్తున్నారేటండీ? ఆ పిల్లకి మతి లేదు, మీకన్నా ఉండాలి కదా," అన్నాడు నవ్వుతూ. సాకేత్‌కు ఒళ్ళు మండిపోయింది. గంగాభవాని నమస్కారం పెట్టి ముందుకు నడిచింది.

ఊరి చివర స్తంభం ఎక్కబోతున్న లైన్‌మన్‌ను ఆపి, మొన్న సాయంత్రం కరెంటు ఎందుకు పోయిందని అడిగింది.

"కొబ్బరిమట్ట తీగల మీద పడిందండి. ఈ చినమొగ లైనొక్కటే పోయింది. రాజోల్లో నిక్షేపంలా ఉంది," అన్నాడతను.

రాజోలులో కృష్ణమూర్తి స్టూడియో తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. ఆయన అప్పటికే భయంతో సగం చచ్చి ఉన్నాడు. "ఎస్సై గారు రేపు రమ్మన్నారండి. నన్నే పట్టుకుంటారంట. పెళ్ళిళ్ళు తీసుకుని బతికేవాణ్ణి, నాకెందుకండీ ఈ పాపిష్టి పని?"

"మీ కంప్యూటర్ ఒక గంట ఇవ్వండి," అంది గంగాభవాని. "సాకేత్, నీ లాప్‌టాప్ తియ్యి. రెండిట్లోనూ ఒకటే కార్డా?"

"ఒకే నెంబరు మేడం. కాబట్టి ఒకే పవర్," అన్నాడు సాకేత్ ధీమాగా.

కృష్ణమూర్తి అంత భయంలోనూ నవ్వాడు. "నెంబరు ఒకటేనండి, కార్డు ఒకటి కాదు." డెస్క్‌టాప్ పెట్టె పక్క మూత ఊడదీశాడు. లోపల మూడు ఫ్యాన్లతో బారెడు కార్డు. దానికి విడిగా లావుపాటి కరెంటు తీగ. "దీనికి కావలసినంత కరెంటు, కావలసినంత గాలి. మీ లాప్‌టాప్‌లో అదే పేరుతో బిళ్ళంత ముక్క ఉంటుంది. దానికి కరెంటు సగం కూడా అందదు. ఎక్కువిస్తే ఆ ఇరుకులో మాడిపోద్ది. పేరు మాత్రం ఒకటే పెడతారు."

సాకేత్ మొహం మాడిపోయింది. ఏడాదినుంచీ అందరి దగ్గరా ఆ నెంబరు చెప్పుకునే గొప్పలు పోయాడు మరి.

మొహం అతికించే ప్రోగ్రాం రెండిట్లోనూ పెట్టి, కృష్ణమూర్తి మొహాన్ని సాకేత్‌కు తగిలించారు. డెస్క్‌టాప్ మీద అది అచ్చం పుట్టు మొహంలాగే ఉంది, రెప్ప వేసినా తల తిప్పినా కూడానే వచ్చింది. లాప్‌టాప్ మీద, చార్జరు పెట్టి ఉండగా, పరవాలేదనిపించింది గానీ ఫ్యాన్లు మిక్సీలా అరిచాయి, తల గబుక్కున తిప్పితే అంచు చెదిరింది. గంగాభవాని లేచి లాప్‌టాప్ చార్జరు పీకేసింది. అంతే! మొహం కుదుపుతో అదిరింది, పెదాలు మాటకు వెనకబడ్డాయి, కృష్ణమూర్తి మీసం సాకేత్ గడ్డం మీదికి జారింది.

సాకేత్ ఆ తెర వంక చూస్తూ నోరు వెళ్ళబెట్టాడు. ఇదే కుదుపు నిన్న చూశాడు.

ఆవిడ ఊరుకోలేదు. డెస్క్‌టాప్ ప్లగ్గు కూడా పీకేసింది. కృష్ణమూర్తి కెవ్వుమన్నాడు. తెర నల్లబడి ఊరుకుంది. యూపీఎస్‌కు తగిలించి ఇంకోసారి చూసింది. మెయిను కట్టేసినా, మొహం ఇసుమంతైనా చెదరలేదు.

"మీరు రేపు చినమొగ రండి కృష్ణమూర్తి గారూ," అంది ఆవిడ. "భయపడకండి, మీకు మంచే జరుగుతుంది. ఆ తల్లికే జరగదు."

సోమవారం స్టేషనుకు బయల్దేరే ముందే అందరూ చిట్టెమ్మ వాకిట్లో చేరారు. ఎస్సై కుర్చీలో, పక్కన కిళ్ళీ నములుతూ బంగారరాజు, గోడవారన కృష్ణమూర్తి, గడపలో తులసి. సురేష్‌ను లాప్‌టాప్ తెమ్మని, పెళ్ళి వీడియో అందరికీ చూపించాలని గంగాభవాని కబురు పెట్టింది. తెచ్చాడు. చిట్టెమ్మ కొత్తచీర కట్టుకుని ఉంది.

గంగాభవాని ముందు తులసి తీసిన వీడియో పెట్టించింది. ఫ్యాను ఆగే చోట ఆపించింది.

"ఈ వీడియోలో చిట్టెమ్మ గారింట్లో కరెంటు పోయింది. అదే క్షణంలో బంగ్లాదేశ్ జైల్లో ఉన్నవాడి మొహం జారింది. ఇక్కడ కొబ్బరిమట్ట పడితే అక్కడి జైలుకేమిటి? అంటే ఆ కాల్ చేసినవాడు ఈ లైను మీదే ఉన్నాడు. చినమొగలోనే."

వాకిట్లో గుసగుసలు లేచాయి. చిట్టెమ్మ మాత్రం తెరమీద ఆగిపోయిన కొడుకు వంకే చూస్తోంది.

"కృష్ణమూర్తి గారిది రాజోలు. ఆ సాయంత్రం అక్కడ కరెంటు పోలేదు. పోయినా ఆయనది డెస్క్‌టాప్. కరెంటు పోతే అది ఆరిపోతుంది, యూపీఎస్ ఉంటే ఎప్పటిలాగే నడుస్తుంది. చావకుండా, బతక్కుండా మధ్యలో కుంటేది లాప్‌టాప్ ఒక్కటే. చార్జరు కరెంటు ఆగగానే బ్యాటరీ మీదికి పోతుంది. దాని గ్రాఫిక్స్ కార్డు నీరసించిపోతుంది. అందుకే మొహం జారింది. ఫోన్ నెట్ మీద నడుస్తోంది కాబట్టి మాట తెగలేదు."

"లాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు కదండీ," అన్నాడు బంగారరాజు. నవ్వు కాస్త తగ్గింది.

"ఉండొచ్చు. కానీ పులస దాక బోర్లించింది పిల్లి కాదని తెలిసినవాడి దగ్గరే ఉండాలి. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. అన్నకు దగ్గరగా పలికే గొంతు ఉండాలి, తేడా కప్పుకోవడానికే ఆ గుసగుస. బీరువాలో పెన్‌డ్రైవ్ తియ్యగలిగి ఉండాలి. కాల్ వచ్చిన ప్రతిసారీ ఇంట్లో లేకుండా ఉండాలి. వదినతో మొగుడిలా మాట్లాడడానికి నోరు రాక ఫోను పెట్టేసేవాడై ఉండాలి." గంగాభవాని ఆగింది. "ఆ లాప్‌టాప్ తెరవండి ఎస్సై గారూ."

సురేష్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఎస్సై లాక్కుని సాకేత్‌కు ఇచ్చాడు. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పెళ్ళిపీటల మీద నవ్వుతున్న గంగబాబు మొహాలు వేలకు వేలు, ముక్కలు ముక్కలుగా, అతికించడానికి సిద్ధంగా ఉన్నాయి. సాకేత్‌కు ఇన్నాళ్ళూ ఇలాంటి రుజువు దొరికితే ఎగిరి గంతెయ్యాలనిపించేది. ఇవాళ తెర మూసేసి పారిపోవాలనిపించింది.

"సొంత తమ్ముడివి. ఎందుకు చేశావు?" అన్నాడు ఎస్సై.

సురేష్ బంగారరాజు వంక చూశాడు. బంగారరాజు గోదారి వంక చూశాడు.

"ఒరే సిన్నోడా," అంది చిట్టెమ్మ.

ఆవిడ గొంతు అంత మామూలుగా ఉండేసరికి అందరూ తిరిగి చూశారు.

"మీ అన్న మొహం పెట్టుకో. ఒక్కసారి చూస్తాను."

"అమ్మా..."

"పెట్టుకోరా."

"వద్దు చిట్టెమ్మ గారూ," అంది గంగాభవాని. ఆవిడ గొంతు వణకడం సాకేత్ మొదటిసారి విన్నాడు.

"మీ పనయిపోయింది కదండీ. ఇది నా పని." చిట్టెమ్మ వెళ్ళి లాప్‌టాప్ ఎదురుగా నేలమీద చతికిలబడింది.

సురేష్ తల్లి పక్కన కూర్చుని మొహం కెమెరాకు ఎదురుగా పెట్టాడు. ఎలాగో నొక్కాడు. తెరమీద గంగబాబు వచ్చాడు. తులసి గోడకేసి తిరిగిపోయింది. వాకిట్లో ప్లగ్గెక్కడిది? బ్యాటరీ మీదే నడుస్తోంది. మొహం నిలవక అటూ ఇటూ ఊగుతోంది. చిట్టెమ్మ సురేష్ వంక చూడనైనా లేదు. తెరమీది చెంప నిమిరింది.

"నాయనా గంగబాబూ, బంగ్లాదేశ్‌లో లేవంట కదా. ఎక్కడున్నావు మరి?"

ముందు మాట వచ్చింది. పెదాలు ఆ తరవాత కదిలాయి. "నీళ్ళల్లో ఉన్నానమ్మా."

"చలేసిందా?"

"ఏసిందమ్మా."

"కేకెయ్యలేదా నాయనా?"

"ఏసేనమ్మా. వలతాడు పట్టుకుని ఏలాడేను. తమ్ముడూ, తమ్ముడూ అని కేకేసేను."

"ఇనపడలేదా ఆడికి?"

గంగబాబు చెంప పక్కకు జారింది. దాని కింద సురేష్ కన్ను ఒకటి, తడిగా, బయటికి కనపడింది. "ఇనపడిందమ్మా. రాజుగారు ఒడ్డునించి వైర్‌లెస్ సెట్టులో అన్నారు, బోటు తిప్పితే వల తెగిపోద్ది, వల పోతే నువ్వు ఇంక బోటెక్కవు అన్నారు. తమ్ముడు తిప్పలేదమ్మా. కేక ఆగేక తిప్పేడు."

బంగారరాజు లేచాడు. ఎస్సై భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "అబద్ధం! వాడే నా దగ్గరికొచ్చేడు, కేసు పోయే దారుందని!" అని బంగారరాజు అరిచాడు.

చిట్టెమ్మ ఇంకొంచెంసేపు చూసింది. ఆ తరవాత, చచ్చిపోయినవాళ్ళ కళ్ళు మూసినట్టు, రెండు చేతులతో మెల్లగా లాప్‌టాప్ మూసేసింది. లేచి కోడలి దగ్గరికెళ్ళి తల మీద చెయ్యి వేసింది. తులసి ఒక్కసారిగా ఘొల్లుమంది. ఇన్ని నెలల ఏడుపు, ఏడవనివ్వని ఏడుపు.

"లోపలికెళ్ళి అన్నం తిను తల్లీ," అంది చిట్టెమ్మ. తరవాత ఎస్సై వైపు తిరిగింది. "బాబూ, ఈడ్ని రేపు తీసుకెళ్ళండి. శవం లేదు కదా, గడ్డిబొమ్మ చేసి కాల్చాలి. నా పెద్దోడికి కొడుకులు లేరు. కొరివి పెట్టాల్సింది తమ్ముడే."

సురేష్ తల్లి కాళ్ళమీద పడ్డాడు. "నా వల్ల కాదమ్మా. నన్ను చంపెయ్. అది మాత్రం నా వల్ల కాదమ్మా."

చిట్టెమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. "ఆడి మొహం తగిలించుకోగలిగేవు. నిప్పు పెట్టలేవా?"

మర్నాడు పొద్దున్న చినమొగ ఇసకలో గడ్డిబొమ్మకు ఆ కొత్తచొక్కా తొడిగారు. సురేష్ ఒక చేతికి బేడీ, రెండో చేతిలో కొరివి. కానిస్టేబుల్ మొహం తిప్పుకుని నిలబడ్డాడు. ఎవరో గంగబాబు పెళ్ళిఫొటో తెచ్చి బొమ్మ తలకు కట్టబోతే చిట్టెమ్మ వద్దంది. మొహం లేకుండానే కాల్చారు.